పెట్రోలు అయ్యేదాకా

ముత్తుకూరు హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే ఎలిశబెతు టీచరుకు ఒక పడవ ఉంది. చేపలు పట్టే పడవ కాదు, షికారు పడవ. తెల్లటి ఫైబరు ఒళ్ళు, దాని మీద నీలం గీత, వెనక బిగించిన పెట్రోలు ఇంజను, ముందు చిన్న స్టీరింగు, కూర్చోవడానికి రెండు వరసల సీట్లు. సముద్రపొడ్డున ఒక రిసార్టు మూతపడినప్పుడు మంచాలు, కుర్చీలతోపాటు దాన్ని కూడా అమ్మకానికి పెట్టారు. వరండాలోకి నాలుగు కుర్చీలు చూసొస్తానని వెళ్ళిన ఎలిశబెతు పడవను బేరమాడి తిరిగొచ్చింది.

"కుర్చీలేవి?" అని అడిగాడు భర్త సుశీల్ కుమార్.

"దాంట్లో ఎనిమిది సీట్లున్నాయండీ," అందామె.

సుశీల్ కుమార్ థర్మల్ ప్లాంటులో మెయింటెనెన్సు ఇంజనీరు. నీళ్ళంటే ఆయనకు పెద్దగా పడదు. ఈత రాదు, పడవ కాస్త ఒరిగితే సీటు గట్టిగా పట్టుకుంటాడు. కానీ ఇంజనంటే ప్రాణం. ఆమెకు నీళ్ళ మీద తిరగడం కావాలి, ఆయనకు ఒడ్డున కూర్చుని నట్లు విప్పి బిగించడం కావాలి. అందువల్ల పడవ దగ్గర వాళ్ళిద్దరికీ తగువే రాలేదు.

పడవ ఉండేది ఉప్పుటేటి పక్కన మడపాళెంలో. అక్కడ సముద్రంలో చేపల వేటకు పోయే నరసయ్య తన పడవ పక్కనే దీనికీ చోటిచ్చాడు. ఆయన భార్య పేరమ్మ ముత్తుకూరులో వీధివీధికీ తిరిగి చేపలు అమ్ముతుంది. ఎలిశబెతు ఏళ్ళ తరబడి ఆమె గంపలోంచే చేపలు కొంటోంది. ఆ పరిచయమే పడవకు చోటు సంపాదించి పెట్టింది. ఆదివారం చర్చి అయ్యాక ఎలిశబెతు తోటి టీచర్లనో సండేస్కూలు పిల్లలనో ఎక్కించుకుని ఏట్లో అలా ఒక చుట్టు తిరిగి వచ్చేది.

అక్టోబరు వచ్చిందంటే మాత్రం ఆ షికార్లకు సెలవు. ఈశాన్యపు వానలు, వాటి వెనకే తుఫాన్లు. పడవను ఒడ్డుకు లాగి, ఇంజను విప్పి, అన్నీ శుభ్రం చేసి దాచిపెట్టాలి. మళ్ళీ నీళ్ళలో దించేది క్రిస్మసు దాటాకే. కిందటేడు ఆ పని హడావుడిగా ముగించి పెట్రోలు టాంకులోనే వదిలేశారు. జనవరిలో చూస్తే పెట్రోలు జిగురులా మారి కార్బ్యురేటరంతా పట్టేసుకుంది. సుశీల్ కుమార్ దాన్ని గుండుసూదులతో, పాత టూత్‌బ్రష్షుతో గీకి గీకి బాగు చేసేసరికి షికారుకు పనికొచ్చే మంచి రోజులన్నీ గడిచిపోయాయి. అందుకని ఈ ఏడు పని పద్ధతిగా చేయాలని పట్టుబట్టాడు.

గాంధీ జయంతి నాడు ఇద్దరికీ సెలవు. పొద్దున్నే కారులో గ్రీజు డబ్బా, ఆయిలు, స్పానర్లు, కొత్త టార్పాలిన్ పట్ట వేసుకుని మడపాళెం చేరారు. ఆకాశం తూర్పు వైపు మబ్బు పట్టి ఉంది గానీ గాలి లేదు. ఏరు ఆటు మీద ఉంది, నీళ్ళు బాగా తీశాయి.

సుశీల్ కుమార్ వారం రోజులుగా ఫోనులో వీడియోలు చూస్తున్నాడు. చలికాలానికి పడవను ఎలా సిద్ధం చేయాలో ఊలు టోపీ పెట్టుకున్న ఒక దొర మంచులో నిలబడి చెప్పేవాడు. ఇంజనులో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి లోపలి భాగాలు పగలకుండా గులాబీ రంగు ద్రవం ఏదో పోయాలట. అది నెల్లూరు షాపులన్నీ తిరిగినా దొరకలేదని ఆయనకు మనసులో వెలితిగా ఉంది.

"మన జిల్లాలో నీళ్ళు గడ్డకట్టేది ఐసు ఫ్యాక్టరీలోనే కదండీ," అంది ఎలిశబెతు.

"అది నిజమే. మిగతావన్నీ మాత్రం ఆయన చెప్పినట్టే చేద్దాం బెట్టీ," అన్నాడాయన.

నరసయ్య అప్పటికే పడవ లాగడానికి తాటిమొద్దులు దొర్లించుకుంటూ తెస్తున్నాడు. పాక ముందు మంచినీళ్ళ డ్రమ్ము నింపి పెట్టాడు. ఇంజనును అందులో ముంచి నడిపితే లోపల పేరుకున్న ఉప్పంతా కడుక్కుపోతుంది. సుశీల్ కుమార్ పడవెక్కి టాంకు మూత తీసి లోపలికి చూశాడు. సగానికి తక్కువ లేదు.

"ఇంత మిగిలిందేమిటి?"

"ఆదివారం టీచర్లను ఎక్కించుకుందామని పోయించానండీ. ఆ రోజే వాన పడింది," అంది ఎలిశబెతు.

ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. దాంట్లో ఆయిలు కలిసి ఉంది కాబట్టి కారులో పోయడానికి లేదు. నరసయ్య ఇంజను డీజిలుది. నేల మీద పారబోయడానికి సుశీల్ కుమార్‌కు చేతులు రావు. ఇంజను కడిగేటప్పుడు కావలసినంత ఒక సీసాలో పట్టుకుని పక్కన పెట్టుకున్నాడు. మిగిలినదాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఏట్లో తిరిగి రావడమే," అంది ఎలిశబెతు. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో విచారమేమీ లేదు. "ఏటి మొగ దాకా వెళ్ళొస్తే అయిపోతుంది. మీరొస్తారా?"

"నాకిక్కడ పనుంది," అన్నాడు సుశీల్ కుమార్ వెంటనే.

అప్పుడే పేరమ్మ ఇంట్లోంచి టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఆ రోజు చేపల పడవలు ఇంకా రాలేదు, ఆమె గంప ఖాళీగా పాక చూరు కింద బోర్లించి ఉంది.

"పేరమ్మక్కా, నువ్వు రా," అంది ఎలిశబెతు.

పేరమ్మ నవ్వేసింది. "నేనేంది, పడవెక్కేదేంది ఎలిశమ్మా?"

"ఎప్పుడూ ఎక్కలేదా?"

"యాడెక్కినా? మా అత్త ఉన్నన్నాళ్ళూ పడవ మీద చెయ్యి గూడా ఎయ్యనిచ్చేది కాదు. ఆడోళ్ళు ఎక్కితే వేట పడదని. పెళ్ళయి ఈడికి వచ్చినకాణ్ణించీ ఒడ్డునే ఉండా. చేపలొస్తే దించుకునేది, అమ్ముకునేది. అంతే."

అలా అంటూనే ఆమె తెల్ల పడవ వైపు చూసింది. సీట్ల వైపు, స్టీరింగు వైపు చూసింది. ఆ చూపు ఎలిశబెతు కంటపడింది. నరసయ్య కంట కూడా పడింది. అతను చేతిలోని మొద్దు కింద పెట్టి మెడ గోక్కున్నాడు.

"అది వేటపడవ సంగతి," అన్నాడు. "దీంట్లో వల లేదు, వేట లేదు. ఇది షికారు పడవ. ఎక్కితే ఏమైతాది?"

పేరమ్మ భర్త వైపు తిరిగింది. "ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వు అడగలా గదా."

సుశీల్ కుమార్ నారింజ రంగు లైఫ్‌జాకెట్ తెచ్చి, ఇది వేసుకుంటేనే ఎక్కాలన్నాడు. చీర మీద దాన్ని బిగించేసరికి పేరమ్మకు తన కాళ్ళు తనకే కనపడలేదు. నరసయ్య మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చెయ్యి అందించాడు. ఆమె కొంగు నడుముకు దోపి, ఒక కాలు పడవలో పెట్టి, రెండో కాలు తీయడానికి చాలాసేపు ఆలోచించి, చివరికి ఎలిశబెతు భుజం పట్టుకుని లోపలికి వచ్చి కూర్చుంది.

ఇంజను చప్పుడు మొదలవగానే ఆమె కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువక్కా."

"తెరిస్తే పడతానేమో."

"మూసుకున్నా ఉండేది ఇదే పడవలో గదా."

ఆ మాటలో న్యాయం ఉందనిపించి పేరమ్మ ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. అప్పటికి పడవ ఏటి మధ్యకు వచ్చింది. మడపాళెం మొత్తం ఒక్క వరసగా ఒడ్డు మీద కనిపించింది. ఆరేసిన వలలు, కొబ్బరి చెట్లు, చర్చి శిలువ, గంగమ్మ గుడి, వాటి పక్కన ఒక చిన్న డాబా.

"ఆ కనపడేది మా ఇల్లా?" అంది పేరమ్మ. కాసేపు పరీక్షగా చూసింది. "ఈ పక్క గోడకి సున్నం ఎయ్యాల. మరీ అన్యాయంగా ఉండాది. పడవల్లో పొయ్యేవోళ్ళంతా ఇదే చూసుకుంటా పోతారు గదా."

ఎలిశబెతు నవ్వి పడవను లోతు పాయలోకి తిప్పింది. రెండు పక్కలా మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి లేచి ఉన్నాయి. కొంగలు ఇంజను చప్పుడుకు కదలకుండా అలాగే నిలబడ్డాయి. పేరమ్మ మెల్లగా సీటు మీది నుంచి ఒక చెయ్యి వదిలి, వంగి నీళ్ళలో వేళ్ళు పెట్టింది. నీళ్ళు చేతిని వెనక్కి లాగుతుంటే చిన్నగా నవ్వుకుంది.

"కాకిదిబ్బ యాడుంటాదమ్మా?" అని అడిగింది.

"అదిగో, అదే."

ఎలిశబెతు చూపించిన చోట నీళ్ళలోంచి ఇసుక కాస్త పైకి లేచి ఉంది. దాని మీద రెండు పొదలు, ఒక విరిగిన వెదురుకర్ర.

పేరమ్మ దాన్ని చూసి, దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని వెతికి, మళ్ళీ దాన్నే చూసింది. "ఇదా? తుఫాన్లో పడవ తిరగబడితే మా ఆయన ఎక్కి రాత్రంతా కూర్చున్నాడంట, ఆ కాకిదిబ్బ ఇదేనా? కొండ మాదిరి ఉంటాదని చెప్పినాడే. పైనుంచి చూస్తే కృష్ణపట్నం పోర్టు లైట్లు కనపడతాయన్నాడు. మా వంటిల్లు దీనికన్నా ఎత్తు గదమ్మా."

ఎలిశబెతు నవ్వు ఆపుకుంటూ ఇంజను వేగం కొంచెం పెంచింది.

"సరే పోనీ. ఏనుగుమడుగు చూపీ," అంది పేరమ్మ. "దాంట్లో ఏనుగు మునిగినా తొండం చివర గూడా కనపడదంట. గెడ ఎంత దించినా అడుగు తగలదంట."

వంపు తిరగగానే ఏనుగుమడుగు వచ్చింది. లుంగీ ఎగ్గట్టుకున్న ఒక మనిషి అందులో మోకాటి లోతున నిలబడి పీతలు ఏరుకుంటున్నాడు. ఆయన చంకన బుట్ట కూడా తడవలేదు.

"ఏందబ్బయా, ఏనుగుమడుగు ఇదేనా?" అని పడవలోంచి కేకేసింది పేరమ్మ.

"ఔ, ఇదే. ఏం?"

"ఏం లేదు. ఏనుగు యాడికి పోయిందో కనుక్కుందామని."

ఆ మనిషి అర్థం కాక నిలబడిపోయాడు. పేరమ్మకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వుకు ఎలిశబెతు కూడా పగలబడి నవ్వింది. పడవ అటూ ఇటూ ఊగింది. పేరమ్మ ఈసారి ఏదీ పట్టుకోలేదు.

ఆ నవ్వులోనే మొగ దగ్గరికి వచ్చేశారు. ఏరు సముద్రంలో కలిసే చోటు అది. ఎలిశబెతు ఎప్పుడూ అక్కడికి దూరంగానే ఆపుతుంది, దాటి పోదు. ఇంజను వేగం తగ్గించి పడవను నెమ్మదిగా నిలిపింది. ఎదురుగా ఇసుకమేట మీద కెరటాలు లేచి, తెల్లగా విరిగి పడుతున్నాయి. అవతల సముద్రంలో ఒక వేటపడవ లోపలికి రావడానికి అదను కోసం ఆగి ఉంది.

పేరమ్మ నవ్వు ఆపింది.

వేటపడవ కదిలింది. కెరటం వీపు మీద ఎక్కి పరుగున వస్తూ వస్తూ ఒక్కసారిగా పల్లంలోకి దిగి కనపడకుండా పోయింది. అందులోని మనుషుల తలలు కూడా కనపడలేదు. పేరమ్మ చెయ్యి ఎలిశబెతు మోచేతిని పట్టుకుంది. మళ్ళీ పడవ ముక్కు పైకి లేచింది, నీళ్ళు రెండు పక్కలా చిమ్మాయి. పడవ ఏట్లోకి జారి నిదానమైంది.

"మా ఆయన దినామూ దీంట్లోంచేనా పొయ్యేది?"

"వేరే దారి లేదు గదక్కా."

"దీని గురించి ఒక్క మాట చెప్పలా," అంది పేరమ్మ. "కాకిదిబ్బ గురించి చెప్పినాడు, ఏనుగు గురించి చెప్పినాడు. దీని గురించి ఎప్పుడూ చెప్పలా."

ఇద్దరూ కాసేపు ఆ కెరటాలనే చూస్తూ కూర్చున్నారు.

ఇంతలో ఆ వేటపడవ వాళ్ళ పక్కకు వచ్చింది. ముందు నిలబడిన హజరత్తయ్య అదే పాళెం మనిషి. నారింజ జాకెట్టులో కూర్చున్న ఆడమనిషిని చూసి కళ్ళు చిట్లించాడు.

"పేరమ్మత్తా, నువ్వా?"

"నేనే. ఏం పడినాయి?" అంది పేరమ్మ. ఆ గొంతు ఇప్పుడు ముత్తుకూరు వీధుల్లో వినిపించే గొంతు.

"వంజరాలు పడినాయి. కానాగంతలు ఉండాయి."

"ఆ పెద్ద వంజరం నాది. ఒడ్డున ఎవురికీ మాట ఇయ్యబాకండి."

"ఏటి మధ్యలో బేరమేందత్తా?"

"ముందొచ్చినోళ్ళకే గదా చేప. ఇయ్యాల నాకంటే ముందు ఎవురొచ్చినారు?"

హజరత్తయ్య నవ్వుతూ ఒప్పుకున్నాడు. వాళ్ళ పడవ ముందుకు సాగిపోయింది. ఒడ్డున గంపలతో ఎదురుచూస్తున్న తోటి ఆడవాళ్ళందరికంటే ముందు తాను బేరం చేసేశానన్న సంగతి అప్పుడు తట్టి, పేరమ్మ ముఖం వెలిగిపోయింది.

తిరుగుదారిలో ఎలిశబెతు లేచి ఆమెను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టింది. పేరమ్మ దాన్ని గంప అంచు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. పడవ మొదట మడచెట్ల వైపు వెళ్ళింది, తర్వాత అవతలి ఒడ్డు వైపు వెళ్ళింది, ఆ తర్వాత తన చుట్టూ తానే ఒకసారి తిరిగింది. కొంగలు ఈసారి లేచి ఎగిరిపోయాయి. నాలుగు వంపులు తిరిగేసరికి చెయ్యి కుదిరింది. అప్పటినుంచి ఆమె మాట్లాడలేదు. పెదవి బిగించి, నీళ్ళ మీద చూపు నిలిపి, పడవను నడిపింది. ఎలిశబెతు పక్క సీట్లో వెనక్కి వాలి కూర్చుని, తన పడవలో తను ఏ పనీ లేకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి అనుకుంది.

మడపాళెం కనపడుతుండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు చుక్క లేకుండా అయిపోయింది. సుశీల్ కుమార్ కోరింది సరిగ్గా అదే గానీ, ఒడ్డు ఇంకా కూతవేటు దూరంలో ఉంది. సీట్ల కిందనుంచి రెండు తెడ్లు తీసి చెరొకటి వేశారు. రోజూ బరువు మోసే పేరమ్మ చేతుల బలం ఎక్కువ కావడంతో పడవ మళ్ళీ గుండ్రంగా తిరగసాగింది.

"అక్కా, కొంచెం మెల్లగా."

"నువ్వే కొంచెం గట్టిగా ఎయ్యి టీచరమ్మా. పిల్లోళ్ళ చేత పొద్దస్తమానం పరుగులు తీయిస్తావు గదా."

ఒడ్డుకు చేరేసరికి సగం ఊరు అక్కడే ఉంది. హజరత్తయ్య కబురు ముందే చేరవేశాడు. నరసయ్య నడుము లోతు దాకా వచ్చి తాడు అందుకున్నాడు.

"ఏమ్మే, ఎట్టుండాది?"

"కాకిదిబ్బ చూసినా," అంది పేరమ్మ.

నరసయ్య తాడు వైపు చూశాడు. "అది అప్పుట్లో పెద్దదే. వానలకి అరిగిపోయినాది."

"ఏనుగుమడుగు గూడా చూసినా."

"అది పూడిపోయినాది."

"ఏనుగుతో సహానా?"

జనం ఘొల్లుమన్నారు. నరసయ్య కాసేపు బిగించుకుని, ఆపుకోలేక తానే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ తర్వాత ఆడవాళ్ళంతా పడవ చుట్టూ చేరారు. తమనూ ఒక్క చుట్టు తిప్పమని ఎలిశబెతును అడిగారు. పెట్రోలు అయిపోయిందంటే, పాక దగ్గరున్న సీసా చూపించి అదేమిటన్నారు. సుశీల్ కుమార్ సీసాను చంకలో పెట్టుకున్నాడు. అది ఇంజను కడగడానికేనని, వానలు పోయాక అందరినీ తిప్పుతామని, జాకెట్లు కూడా ఇంకా కొంటామని చెప్పి బతిమాలుకున్నాడు. సరే, అట్లయితే పడవ బాగా దాచిపెట్టాలంటూ వాళ్ళే తాడు పట్టుకున్నారు. మగవాళ్ళు వెనక నుంచి నెట్టారు. పేరమ్మ కేక పెట్టిన ప్రతిసారీ పడవ తాటిమొద్దుల మీద ఒక బారెడు పైకి ఎక్కింది. అంతమంది చేతులు పడేసరికి ఏటా ఒక పూట పట్టే పని చిటికెలో అయిపోయింది.

ఇక మిగిలినదంతా సుశీల్ కుమార్ రాజ్యం. ఇంజను విప్పి డ్రమ్ములో ముంచి, సీసాలోని పెట్రోలుతో నడిపాడు. తర్వాత పెట్రోలు పైపు పీకేసి, లోపల మిగిలిన పెట్రోలు కూడా కాలిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ప్లగ్గులు తీసి ఆయిలు పోశాడు, నీళ్ళలో తిరిగే ఫ్యాను ఇరుసుకు గ్రీజు పట్టించాడు. ఎలిశబెతు పడవను మంచినీళ్ళతో కడిగి తుడిచింది. వాననీళ్ళు నిలవకుండా అడుగున బిరడా తీసి, ముక్కు ఎత్తుగా ఉండేలా పాత టైర్ల మీద నిలిపారు. నరసయ్య తుఫాను గాలికి లేవకుండా నాలుగు మూలలా గుంజలు పాతి తాళ్ళు బిగించాడు. పట్ట కప్పి చివరి ముడి వేస్తుండగా చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే వాన జోరందుకుని ఏరు అవతలి ఒడ్డు కనపడకుండా పోయింది.

ముగ్గురూ పాకలోకి పరిగెత్తారు. అప్పటికే పేరమ్మ వంజరం పులుసు పెట్టి ఉంచింది. ఎలిశబెతు ఇంటినుంచి తెచ్చిన పులిహోర డబ్బా విప్పింది. వలల మీద కూర్చుని తినసాగారు. పేరమ్మ నడిమి ముక్క తీసి ముందు భర్త పళ్ళెంలో వేసింది.

"మొగ గురించి ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగింది. గొంతులో ఎగతాళి లేదు.

నరసయ్య ముక్కలోని ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "చెప్తే నన్ను పోనిస్తావా?" అన్నాడు.

"ఇప్పుడు చూసినా గదా. ఇంకేం దాస్తావు? చెప్పు."

అతను మొదలుపెట్టాడు. తండ్రితో మొదటిసారి మొగ దాటిన రోజు, కళ్ళు మూసుకున్నందుకు తండ్రి వీపు మీద కొట్టిన దెబ్బ, కెరటాలను లెక్కపెట్టడం నేర్చుకున్న తీరు. గాలి ఎటుంటే ఏ పక్క నుంచి దూరాలో చేత్తో పులుసులోనే గీసి చూపించాడు. ఈసారి కథలో ఏనుగులు లేవు. మధ్యమధ్యలో పేరమ్మ, అవును, నేను చూసినప్పుడు హజరత్తయ్య గూడా అట్టే ఆగినాడు, అంటూ మాట కలుపుతోంది. అలా మాట కలిపినప్పుడల్లా నరసయ్య ఆమె వైపు కొత్తగా చూసి, ఇంకాస్త హుషారుగా చెప్పుకుపోతున్నాడు. సుశీల్ కుమార్ తినడం మరిచి వింటున్నాడు. ఎలిశబెతు గిన్నె దగ్గరికి లాక్కుని అందరికీ మరో గరిటెడు పులుసు వడ్డించింది. బయట వాన దంచి కొడుతూనే ఉంది. ఎవరికీ లేవాలని లేదు.